కథ తనది, మాటలు ఎవరివి? (పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు)

ఈ నెల శీర్షికకు అందిన ఉత్తరాలలో నాలుగింటిని ఒకేచోట తీసుకుంటున్నాము. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వేర్వేరు అవసరాలతో రాసినవారే అయినా, నలుగురి సందేహమూ ఒకే చోటికి వచ్చి ఆగుతోంది. మనిషి తన బతుకు గురించి చెప్పుకుంటున్నప్పుడు మధ్యలో పాటలూ, పురాణాలూ, సినిమాలూ, మీటింగుల మాటలూ వచ్చి చేరితే వినేవాడు వాటిని ఏం చేయాలి అన్నదే ఆ సందేహం.

ప్రశ్న: గుజరాత్‌లోని వీరావల్‌కు వేట పనికి వలసపోయే మత్స్యకారుల భార్యల జీవిత కథనాలు నా పీహెచ్‌డీ అంశం. ఒక తీర గ్రామంలో నేను రికార్డు చేసిన మాటలు కొన్ని ఇవి: “పెళ్లైన ఏడే ఈరావలు ఎలిపోనాడు. ఊర్మిలమ్మయితే పద్నాలుగేళ్లూ తొంగుంది. నాకు నిద్దరెక్కడిదమ్మా? అత్తకి గంజి కాయాల, గుంటల్ని బడికి తోలాల, అప్పులోలికి జవాబు సెప్పాల. గ్రూపులో సేరినాక మరి నా కాళ్ల మీద నాను నిలబడ్డాను. ఏటి నిలబడ్డాను, నిలబెట్టీసినారు. ఆడొచ్చి రెండు నెలలుంటాడు, ఎవుడో సుట్టమొచ్చినట్టు.” ఊర్మిళ ప్రస్తావననూ, పొదుపు గ్రూపు మాటలనూ అలంకారాలుగా పక్కన పెట్టి, వలస, అప్పు, ఒంటరితనం అనే శీర్షికల కింద కోడింగ్ చేయమని, అంటే మాటలను అంశాల వారీగా విడదీసి గుర్తులు పెట్టమని, ఒక అధ్యాపకులు అన్నారు. ఇంటర్‌టెక్స్చువాలిటీ (ఒకరి మాటలో అంతకుముందున్న వేరే కథలూ, మాటలూ కలిసి ఉండడం) కోణంలో చూడమని మరొకరు అన్నారు. అది సాహిత్య విమర్శలో వాడే మాట కదా, అంకెల మీద కాక మనుషుల మాటల మీద ఆధారపడే గుణాత్మక పరిశోధనలో దానికి చోటెక్కడ? ఉన్నా, లేనిపోని అర్థాలు అంటగట్టకుండా దానిని ఎలా వాడాలి?
– పరిశోధక విద్యార్థిని, పలాస

జవాబు: మొదటి సలహా పాటిస్తే థీసిస్ త్వరగా పూర్తవుతుంది. కానీ మీరు పంపిన ఆ నాలుగు మాటల్లో ఉన్న అసలు సరుకు చేజారిపోతుంది. వలస, అప్పు, ఒంటరితనం అన్నవి ఆమెతో మాట్లాడకముందే మీకు తెలిసిన విషయాలు. ఆమె మీకు కొత్తగా ఇచ్చినది ఊర్మిళ.

ముందుగా ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో క్లుప్తంగా చెబుతాను. రష్యన్ పండితుడు మిఖాయిల్ బఖ్తిన్ రచనలను ఫ్రెంచి పాఠకులకు పరిచయం చేస్తూ, బల్గేరియాలో పుట్టి పారిస్‌లో స్థిరపడిన జూలియా క్రిస్తేవా 1966–67 ప్రాంతంలో దీనిని ప్రవేశపెట్టారు. ఏ రచనా ఒంటరిగా పుట్టదనీ, అంతకుముందున్న అనేక రచనలను పీల్చుకుని, మార్చుకుని రూపొందుతుందనీ ఆమె వాదన. బఖ్తిన్ దృష్టి అచ్చయిన రచనలకే పరిమితం కాలేదు. మనం పలికే ప్రతి మాటలోనూ సగం ఇతరులదేనని ఆయన భావించాడు. కాబట్టి ఈ భావన సాహిత్య విమర్శ నుంచి పరిశోధనలోకి అరువుగా వచ్చిందనడం కంటే, నిత్య సంభాషణ గురించిన ఆలోచన సాహిత్యం మీదుగా తిరిగి సంభాషణ దగ్గరికే చేరిందనడం సబబు. తెలుగు విమర్శకులు దీనిని అంతర్‌పాఠ్యత అని కూడా రాస్తున్నారు. మీరు ఏ పేరు వాడినా అభ్యంతరం లేదు.

ఒక చిక్కు మాత్రం తొలినాళ్ల నుంచీ ఉంది. చాలామంది దీనిని ‘ఈ మాట ఎక్కడి నుంచి ఎత్తుకొచ్చారు’ అనే మూలాల వేటగా అర్థం చేసుకోవడంతో, క్రిస్తేవా స్వయంగా 1974 నాటికి ఆ పదాన్ని పక్కన పెట్టి వేరే పదం వాడడానికి మొగ్గు చూపారు. గుణాత్మక పరిశోధకులు కూడా తరచుగా ఆ గోతిలోనే పడుతున్నారు. ‘కథకురాలు రామాయణాన్ని ప్రస్తావించింది’ అని రాసి, పక్కన పేజీ సంఖ్య వేసి ఊరుకోవడం విశ్లేషణ కాదు. తెచ్చుకున్న కథను ఆమె ఎక్కడ మార్చిందో, ఎక్కడ వద్దనుకుందో, ఎక్కడ అర్ధంతరంగా వదిలేసిందో చూడాలి. నా దృష్టిలో మీకు కావలసిన సమాచారం ఆ మార్పులోనే ఉంటుంది.

ఇప్పుడు మీ భాగాన్నే చూద్దాం. ఊర్మిళ పద్నాలుగేళ్లు నిద్రపోయిన సంగతి వాల్మీకి రామాయణంలో లేదు. అది మన స్త్రీలు పాడుకునే ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాటలో ఉంది. ఆ పాటనూ, ‘లక్ష్మణదేవర నవ్వు’ వంటి ఇతర స్త్రీల రామాయణపు పాటలనూ ఆధారం చేసుకుని, ఆడవారు తమకంటూ ఒక రామాయణాన్ని నిర్మించుకున్న తీరును వెల్చేరు నారాయణరావు 1991లో వెలువడిన ఒక వ్యాసంలో విశ్లేషించారు. వాటిలో కొన్ని ప్రధానంగా పై కులాల స్త్రీల నోట నిలిచిన పాటలని కూడా ఆయన చూపారు. అందువల్ల మీరు మొదట తేల్చుకోవలసినది, తీర గ్రామంలోని మత్స్యకార స్త్రీకి ఈ ఊర్మిళ ఏ దారిన చేరింది అన్నది. తల్లి పాడగా విన్నదా, హరికథలో విన్నదా, రేడియోలోనా, సినిమాలోనా, లేక ఇప్పటి టీవీ సీరియల్‌లోనా? మీ ఉత్తరంలో దీనికి సమాధానం లేదు కనుక, రెండోసారి వెళ్లినప్పుడు ‘ఊర్మిళ కథ మీకు ఎవరు చెప్పారమ్మా?’ అని ఒక్క ప్రశ్న వేయండి. దారి తెలియకుండా అర్థం చెప్పకూడదన్నది ఈ పద్ధతిలో నేను గట్టిగా పట్టుబట్టే నియమం. పరిశోధకులు చదివిన పుస్తకాలన్నీ కథకురాలు కూడా చదివినట్టు ఊహించుకునే థీసిస్‌లు మనకు తక్కువేమీ లేవు.

దారి తెలిశాక ఆమె చేసిన పని చూడండి. పాటలో ఊర్మిళకు నిద్ర దొరికింది. భర్త లేని కాలాన్ని దాటడానికి అది ఒక వెసులుబాటు. ఆ వెసులుబాటు తనకు లేదని మీ కథకురాలు ఒక్క ప్రశ్నతో తేల్చేసి, వెంటనే గంజి, బడి, అప్పు అని మూడు పనులు ఏకరువు పెట్టింది. అంటే ఆమె తనను ఊర్మిళతో పోల్చుకోలేదు, ఊర్మిళతో వాదం పెట్టుకుంది. రాజభవనంలో ఉన్న ఆడది నిద్రపోగలదు, అప్పులవాళ్లు గుమ్మంలో నిలబడ్డ ఆడది నిద్రపోలేదు అన్న తేడాను ఆమె వివరించి చెప్పలేదు. కథను పక్కకు నెట్టడం ద్వారా చూపింది. మీరు దీనిని ‘ఒంటరితనం’ అనే శీర్షిక కింద వేసి ఉంటే, ఆమె అనని మాటను ఆమె చేత అనిపించినవారయ్యేవారు. ఈ భాగంలో తాను ఒంటరినని ఆమె ఎక్కడా అనలేదు, తీరిక లేదన్నది.

ఇక గ్రూపు మాట. ప్రపంచ బ్యాంకు సాయంతో 2000లో ఉమ్మడి రాష్ట్రంలోని 6 జిల్లాలలో వెలుగు పథకం మొదలైనప్పుడు వాటిలో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. అంతకుముందు నుంచే డ్వాక్రా సంఘాలున్నాయి. ఇన్నేళ్ల మీటింగులలో, శిక్షణలలో, అధికారులు వచ్చినప్పుడు వేదిక మీద చెప్పించిన అనుభవాలలో ఒక కథా నమూనా స్థిరపడిపోయింది: మొదట వంటింట్లో ఉండేదాన్ని, నలుగురిలో మాట్లాడాలంటే భయపడేదాన్ని, గ్రూపులో చేరాను, ఇప్పుడు నా కాళ్ల మీద నేను నిలబడ్డాను. పేరు చెప్పని ఇలాంటి నమూనాలను కూడా ఇంటర్‌టెక్స్టులుగానే లెక్కించాలి. బ్రిటిష్ భాషా శాస్త్రవేత్త నార్మన్ ఫెయిర్‌క్లఫ్ 1992లో ఈ రెంటినీ విడదీసి చూపారు. ఊర్మిళ వంటి బాహాటమైన ప్రస్తావన ఒక రకం; ఒక సంస్థ మాట్లాడే తీరు మొత్తంగా వచ్చి మన మాటలో కలిసిపోవడం రెండో రకం. రెండోదానిని పట్టుకోవాలంటే చెవికి ఎక్కువ అలవాటు కావాలి, ఎందుకంటే మీరూ అదే భాషలో మునిగి ఉంటారు.

మీ కథకురాలు ఆ నమూనా వాక్యాన్ని ముందు ఉన్నదున్నట్టు అప్పజెప్పింది. ఊపిరి తిప్పుకోకుండా ‘ఏటి నిలబడ్డాను, నిలబెట్టీసినారు’ అని దానిని తిరగేసింది. నిలబెట్టినది ఎవరు? గ్రూపా, బ్యాంకా, వలస పంపిన అప్పా, మొగుడా? కర్త లేని ఆ వాక్యంలో వీటన్నిటికీ చోటుంది. మీరు తొందరపడి ఒకదానిని నింపవద్దు. ఇక్కడ రికార్డింగును మళ్లీ వినడం అవసరం. నవ్వుతూ అన్నదా, గొంతు తగ్గించి అన్నదా, పక్కన కూర్చున్న వేరొక గ్రూపు సభ్యురాలిని చూస్తూ అన్నదా? ఆ వివరాలు లిఖిత ప్రతిలోకి ఎక్కకపోతే ఈ వాక్యం సగం చచ్చిపోతుంది.

అలాగని మీటింగు భాష అంతా డొల్ల అనుకోకండి. 1990ల తొలి సంవత్సరాలలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా వాచకంలోని ఒక పాఠాన్ని చదివిన స్త్రీలు అందులోని కథను తమ ఊళ్లో నిజం చేసి చూపడం సారా వ్యతిరేక ఉద్యమానికి ఒక ముఖ్యమైన ప్రేరణ అయింది; 1993లో సారా నిషేధం వచ్చింది. ప్రభుత్వం అచ్చు వేసిన మాట ఒకరి సొంత మాటగా మారడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు. కనుక ‘ఇది పథకం భాష, అసలు భాష కాదు’ అని గీత గీయకుండా, ఆమె ఆ భాషతో ఏం చేస్తున్నదో చూడండి. మీ కథకురాలు దానిని వాడుకుంది, వెంటనే వెక్కిరించింది కూడా. ఆ రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

చివరి వాక్యం దగ్గర మీరు ఆగినట్టు లేదు. ‘ఎవుడో సుట్టమొచ్చినట్టు’ అన్న చోట ఊర్మిళ పేరు లేదు. కానీ ఆ పాటలో, తిరిగి వచ్చిన లక్ష్మణుడిని ఊర్మిళ పోల్చుకోలేదు. ఎవరో పరాయి మగవాడు గదిలోకి వచ్చాడనుకుని, పరసతిని ఆశించి ఇంద్రుడేమయ్యాడో, రావణుడేమయ్యాడో చెప్పి అతనిని హెచ్చరిస్తుంది. (ఆపదలో ఉన్న ఊర్మిళ కూడా తన రక్షణకు వేరే కథలనే తెచ్చుకున్నదని గమనించండి.) మీ కథకురాలి చివరి వాక్యం వెనుక ఈ సన్నివేశం ఉన్నదా? ఉంటే, మొదట పక్కకు నెట్టిన ఊర్మిళ చివరికి పేరు లేకుండా తిరిగి వచ్చినట్టు. నిద్ర దగ్గర కుదరని పోలిక, భర్త పరాయివాడు కావడం దగ్గర కుదిరినట్టు. ఇది ఆకర్షణీయమైన వ్యాఖ్యానం, అందుకే దీనిని అనుమానించాలి. భర్త చుట్టంలా వచ్చిపోతాడన్నది వలస ఊళ్లలో ఎవరైనా అనగలిగే మాట. ఆమెకు పాట మొత్తం తెలుసునా, నిద్ర సంగతి మాత్రమే తెలుసునా అన్నది తేలితే గానీ ఈ వ్యాఖ్యానం నిలబడదు. నిద్ర సంగతే తెలిస్తే దీనిని వదులుకోవాలి. పాట తెలిసినా ‘కావచ్చు’ అని రాయాలి తప్ప ‘అయింది’ అని రాయకూడదు.

వినేవారి సంగతి కూడా ఒకటి ఉంది. కేథరిన్ రీస్‌మన్ వంటి కథన పరిశోధకులు, కథలో ఏం చెప్పారు, ఎలా కట్టారు అన్నవాటితో పాటు ఎవరి ఎదుట, ఎందుకు చెప్పారు అన్నదానిని కూడా విశ్లేషణలో భాగం చేశారు. ఫోను పట్టుకుని, కాగితాల సంచితో వచ్చిన చదువుకున్న అమ్మాయిని ఆ ఊరివారు ఎవరనుకున్నారు? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటాక పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతాలలో నష్టం లెక్కలు రాసుకోవడానికి వచ్చినవారికి జనం కొబ్బరి చెట్లనూ, జీడి చెట్లనూ లెక్కపెట్టి చెప్పారు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి అడిగినవారికి రక్త పరీక్షలో కిడ్నీ పనితీరును చూపే క్రియాటినిన్ అంకెలు చెబుతారు. అడిగేవారి ఫారాలే చెప్పేవారి కథలకు గళ్లు గీసి పెడతాయి. మీ ప్రశ్నావళిలో గ్రూపుల గురించి ప్రశ్న ఉన్నదేమో చూసుకోండి. ఉంటే ఆ వాక్యాన్ని సగం మీరే చెప్పించారు. ఆ సంగతిని పద్ధతుల అధ్యాయంలో దాచకుండా రాయండి.

కోడింగ్ మానేయమని నేను అనడం లేదు. అంశాల వారీ కోడింగ్ చేసుకోండి. దాని పక్కన మరొక నిలువు గడి పెట్టి, ఎక్కడ వేరే గొంతు వినిపించినా అక్కడ నాలుగు సంగతులు నమోదు చేయండి: ఏ కథ లేదా ఏ భాష, ఆమెకు చేరిన దారి, ఆమె చేసిన మార్పు, అది ఎవరిని ఉద్దేశించింది. చాలా గళ్లు ఖాళీగా మిగులుతాయి. మిగలనివ్వండి.

ప్రశ్న: చరిత్ర బోధించి పదవీ విరమణ చేశాను. 1967–70 నాటి శ్రీకాకుళ గిరిజన పోరాట కాలం గురించి పెద్దవయసువారి జ్ఞాపకాలు సేకరిస్తున్నాను. వేర్వేరు ఊళ్లవారు అచ్చం ఒకే వాక్యాలు చెబుతున్నారు. అవి ఆనాటి పాటలలోని, కథలలోని వాక్యాలు. లేవిడి ఘటన 1968లో జరిగిందని ఒకరు గట్టిగా చెబుతున్నారు. ఇటువంటి కథనాలకు విలువ ఉందా? ఇంటర్‌టెక్స్చువాలిటీ అనే పేరుతో తప్పులను కప్పిపుచ్చడం కాదా ఇది?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: మీ అనుమానం న్యాయమైనది. లేవిడిలో కాల్పులు జరిగి ఇద్దరు గిరిజనులు మరణించినది 1967 అక్టోబరు 31న. 1968 అన్నది తప్పు, ఏ సిద్ధాంతమూ దానిని ఒప్పు చేయలేదు. తేదీని సరిచూసి, తప్పని అధోజ్ఞాపికలో (ఫుట్‌నోట్‌లో) రాయవలసిందే.

ఆ తరువాత అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఇటలీ మౌఖిక చరిత్రకారుడు అలెస్సాండ్రో పోర్తెల్లి, తెర్ని అనే ఉక్కు పట్టణంలో ఒక యువ కార్మికుడి మరణం గురించి సేకరించిన కథనాలు ఇందుకు దారి చూపుతాయి. ఆ కార్మికుడు 1949 మార్చిలో, నాటో ఒప్పందంలో ఇటలీ చేరడానికి వ్యతిరేకంగా జరిగిన ప్రదర్శనలో పోలీసుల చేతిలో మరణించాడు. ఊరివారిలో చాలామంది మాత్రం అతడు 1953లో, ఫ్యాక్టరీ నుంచి కార్మికులను పెద్దఎత్తున తొలగించినప్పుడు జరిగిన పోరాటంలో చనిపోయాడని చెప్పారు. ఒకరిద్దరు పొరబడితే మరుపు అనుకోవచ్చు. ఊరంతా ఒకే దిశలో పొరబడిందంటే, ఆ మరణానికి తగిన సందర్భం ఏదని వారు భావించారో అది చెబుతుందని పోర్తెల్లి నిర్ధారించారు. మీ కథకుడు లేవిడిని ఏ ఇతర సంఘటన పక్కకు జరిపి 1968కి చేర్చాడో చూడండి. ఒక్కరే అలా చెబితే మాత్రం అది ఉత్త మరుపే కావచ్చు, దాని మీద అధ్యాయం కట్టవద్దు.

ఒకే వాక్యాలు పలువురి నోట రావడం గురించి నా అభిప్రాయం ఖచ్చితమైనది. సాక్ష్యంగా లెక్కవేసేటప్పుడు, ఒకే పాట నుంచి వచ్చిన పదిమంది వాక్యాలు పది సాక్ష్యాలు కావు, ఒక్కటే. బొడ్డపాడు ప్రాంతంలో విప్లవ కవి సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథగా (జముకు వాయిస్తూ చెప్పే జానపద కథగా) పోరాటాన్ని ఊరూరా చెప్పారు. 1969 డిసెంబరులో ఆయన మరణించిన తరువాత కూడా ఆ కళారూపమూ, ఆ పాటలూ జనంలో ఉన్నాయి. యాభై ఏళ్ల తరువాత జ్ఞాపకం చేసుకునే మనిషికి చూసినదీ, పాటలో విన్నదీ కలిసిపోవడం సహజం. అయితే ఆ పదిమందీ పాటలో ఉన్నదంతా తీసుకోలేదు, అందరూ ఒకే చోట పాటను వదిలిపెట్టలేదు. పాట వాక్యం ఆగిపోయి ‘అప్పుడు మా అమ్మ...’ అని సొంత మాట మొదలయ్యే చోటును ప్రతి కథనంలోనూ గుర్తించండి. పాటలో చోటు దొరకని సంగతులు అక్కడి నుంచి బయటికి వస్తాయి: పంట పోయిన సంగతి, పోలీసు క్యాంపుకు వండిపెట్టిన సంగతి, ఇంట్లోవారే ఒకరినొకరు అనుమానించుకున్న సంగతి వంటివి. చరిత్రకారుడిగా మీకు పాటకంటే ఈ అతుకే ఎక్కువ పనికి వస్తుంది.

ప్రశ్న: నేను పరిశోధకుడిని కాను. మా నాన్నగారు రాసి పెట్టుకున్న జీవిత కథను మా కుటుంబం వరకు అచ్చు వేయిద్దామని చూస్తున్నాను. దాయాదుల తగాదాలో పొలం పోయిన సందర్భంలో ఆయన తనను తాండ్ర పాపారాయుడితో పోల్చుకున్నారు. చదివినవారు గొప్పలకు పోయారని నవ్వుతారేమోనని ఆ పేరా తీసేయమంటున్నారు మా అన్నయ్య. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: మీరు ఉత్తరంతో జతపరచిన ఆ పేరా చదివాను. అందులో ముఖ్యమైన వాక్యం ఇది: “కబురు అందేసరికి అంతా అయిపోయింది, నేను రాజాంలో ఉండిపోయిన పాపారాయుణ్ణి.” ఇది గొప్ప చెప్పుకోవడం కాదని నాకు అనిపిస్తున్నది.

1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ బలగాలూ, విజయనగరం విజయరామరాజు సేనలూ బొబ్బిలి కోటను ముట్టడించినప్పుడు పాపారాయుడు కోటలో లేడు; రాజాంలో ఉన్నాడు. అతను వచ్చేసరికి కోట కూలింది, అయినవారు పోయారు. డేరాలోకి చొరబడి విజయరామరాజును చంపడం ఆ తరువాతి సంగతి. పాపారాయుడు అనగానే మనకు కత్తీ, డేరా, పగా గుర్తుకొస్తాయి, ఎందుకంటే కథలు చెప్పేవారూ, సినిమాలు తీసినవారూ ఆ ఘట్టాన్నే పెంచారు. మీ నాన్నగారు ఆ ఘట్టాన్ని తీసుకోలేదు. ఆలస్యంగా చేరిన ఘట్టాన్ని తీసుకుని అక్కడితో ఆపేశారు. పొలం పోతున్నప్పుడు తాను ఊళ్లో లేననే బాధను నేరుగా రాయలేక, లేదా రాయడం ఇష్టంలేక, ఊరందరికీ తెలిసిన కథలో ఎవరూ అంతగా పట్టించుకోని మూలను ఎంచుకున్నారు. అన్నయ్యగారు వీరుడిని చూశారు. రాసినవారు చూసినది సమయానికి చేరలేకపోయిన మనిషిని.

మీ నాన్నగారు బొబ్బిలిలో పుట్టి పెరిగినవారు కనుక ఈ కథ వచ్చింది. అదే విజయనగరంలో పెరిగినవారైతే, అదే యుద్ధం పైడితల్లి అమ్మవారి కథగా చెవిన పడి ఉండేది. అందులో విజయరామరాజు శత్రువు కాదు, చెల్లెలు పైడితల్లి కాపాడుకోవాలని తపించిన అన్న. దసరా వెళ్లిన మంగళవారం సిరిమాను చూడటానికి వచ్చే ప్రతి పిల్లవాడూ వినే కథ అది. దగ్గర దగ్గరగా ఉన్న రెండు ఊళ్లలో ఒకే సంఘటనకు రెండు కథలున్నప్పుడు, ఆత్మకథ రాసే మనిషి ఏ గట్టున నిలబడి విన్నాడో తెలియకుండా ఆ పోలికను చదవలేము.

పేరా తీయవద్దు. మనవలు చదివేటప్పుడు రాజాం సంగతి తెలియకపోవచ్చు కనుక కింద ఒక వాక్యంలో వివరణ ఇవ్వండి. అయితే ఒకటి అడగాలి: నాన్నగారు ఉన్నారా? మీ ఉత్తరాన్ని బట్టి ఉన్నారనే అనుకుంటున్నాను. ఉంటే నా వ్యాఖ్యానం కంటే ముందు ఆయననే అడగండి. ‘ఆ రోజు మీరు ఎక్కడున్నారు నాన్నా?’ అంటే చాలు, పాపారాయుడి ఊసు ఎత్తనక్కరలేదు.

ప్రశ్న: కథకులు చెప్పిన దానికి మనం తీసిన అర్థాన్ని వారికి చూపించాలా? చూపితే ‘నేను అలా అనలేదు’ అంటే ఏం చేయాలి?
– ఎంఫిల్ పూర్తిచేసిన పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: చూపించాలి. అమెరికన్ జానపద విజ్ఞాన పరిశోధకురాలు కేథరిన్ బోర్లాండ్ 1991లో ప్రచురించిన వ్యాసం ఇటువంటి చిక్కు గురించే. తన అవ్వ యౌవనంలో ఉన్నప్పుడు గుర్రప్పందేలలో పందెం కాసిన కథను ఆమె స్త్రీవాద దృష్టితో విశ్లేషించి చూపిస్తే, అది నా కథ కాదు, నీ కథ అయిందని ఆ పెద్దావిడ నిలదీస్తూ ఉత్తరం రాశారు. బోర్లాండ్ ఆ అభ్యంతరాన్ని దాచలేదు, తన వ్యాఖ్యానాన్ని మొత్తంగా వెనక్కి తీసుకోనూ లేదు. ఇద్దరి మధ్య సాగిన మాటలను వ్యాసంలో భాగం చేశారు.

మీరు చూపించేటప్పుడు అధ్యాయం చేతిలో పెట్టకండి. కథకురాలి మాటలను ఆమెకు చదివి వినిపించి, వేరే కథ ప్రతిధ్వనించిందని మీరు అనుకున్న చోట ఆగి, ఆమె ఏమంటుందో వినండి. ‘అవును, అది అమ్మ పాడేది’ అనవచ్చు. ‘ఆ సినిమా నేను చూడనే లేదు’ అనవచ్చు. రెండో సమాధానం వస్తే ఆ ప్రతిధ్వని మీ చెవిలోనిది, ఆమె గొంతులోనిది కాదు. దానిని ఆమె పేర రాయకూడదు. వాస్తవం దగ్గర ఆమె మాట చివరిది. అర్థం దగ్గర తేడా వస్తే ఇద్దరి మాటా పక్కపక్కన అచ్చు వేయండి, మీ మాట కంటే ముందు ఆమె మాట రావాలి. తన కథనాన్నే తీసివేయమని ఆమె కోరితే తీసివేయాలి; గడువు దగ్గరపడిందన్నది కారణం కాకూడదు. సమ్మతి పత్రం మీద సంతకం పెట్టించుకునే రోజునే ఈ హక్కు ఉందని ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పి ఉండాలి. సంతకం రాక వేలిముద్ర వేసేవారికైతే ఆ పత్రాన్ని వారి ఇంటి మనిషి ఎవరైనా పక్కన ఉండగా బిగ్గరగా చదివి వినిపించి, ఆ చదివిన భాగాన్ని కూడా రికార్డు చేయండి.